అన్నప్రాసన నాటికి కూర్చున్నాడా?

మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లవాడు ఒకరింట్లో ఉంటాడు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పాప ఇంకొకరింట్లో ఉంటుంది. బడిలో టీచరు చెప్పగానో, చుట్టాలు పోరగానో తల్లిదండ్రులు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళతారు, లేదా జిల్లా ఆసుపత్రికి వెళతారు. ఇంకా దూరం వెళ్లగలిగినవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థకు వెళతారు. అందరూ వెళ్లేది ‘టెస్టు’ కోసమే. దిమ్మలు పేర్పిస్తారు, బొమ్మలు గుర్తుపట్టిస్తారు, చివరికి ఒక అంకె చెబుతారని అనుకుంటారు. తీరా అక్కడికి వెళ్లాక చాలాసేపటి వరకు పిల్లవాడి జోలికి ఎవరూ రారు. కాన్పు ఎక్కడైంది, పుట్టగానే ఏడ్చాడా, తల ఎప్పుడు నిలిపాడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఎన్ని బళ్లు మారాడు అని తల్లిదండ్రులనే అడుగుతూ ఉంటారు. కొందరు విసుక్కుంటారు: ‘అవన్నీ ఇప్పుడెందుకండీ, ముందు పిల్లాణ్ని చూడండి.’

పిల్లాణ్ని చూడడం అక్కడే మొదలైంది. కేస్ హిస్టరీ అని పిలిచే ఈ పని లేకుండా ఏ పరీక్షలో వచ్చిన అంకెకూ అర్థం ఉండదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకే తెలివి పరీక్షలో ముగ్గురు పిల్లలకు 68 వచ్చిందనుకుందాం. మొదటి పిల్లకు రెండేళ్ల వయసు నుంచి చెవిలో చీము కారుతోంది, టీచరు చెప్పేదాంట్లో సగమే వినబడుతోంది. రెండో పిల్లవాడు తండాలో పుట్టాడు. ఇంట్లో అందరూ మాట్లాడేది లంబాడీ, తెలుగు బడికి వచ్చాకే చెవిన పడింది, పరీక్ష మాత్రం తెలుగులో పెట్టారు. మూడో పిల్లవాడు తల నిలపడం దగ్గర్నుంచి మాట వరకు అన్నీ ఆలస్యంగానే నేర్చుకున్నాడు. మొదటి పిల్లను చెవి డాక్టరుకు చూపించాలి. రెండో పిల్లవాడికి తన భాష తెలిసినవాళ్లు మళ్లీ పరీక్ష పెట్టాలి. ప్రత్యేక విద్య కోసం వెంటనే ఏర్పాటు చేయాల్సింది మూడో పిల్లవాడికి. ముగ్గురి అంకె ఒకటే అయినా వాళ్ల అవసరాలు వేరని చెప్పేవి ముందు రాసుకున్న వివరాలే.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. చాలాసార్లు ఆ వివరాలే స్కోరు అవుతాయి. మేధో వైకల్యం అంచనాలో వాడే ‘వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు’ను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడ్గర్ డాల్ 1935లో తయారుచేశారు. నాగపూర్‌లో పనిచేసిన ఏ.జె. మాలిన్ దాన్ని మన దేశానికి తగ్గట్టు మార్చారు. మాలిన్ మార్చిన స్కేలులో 89 అంశాలుంటాయి. తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, చిన్న చిన్న పనులు చెబితే చేస్తాడా, వీధిలోకి ఒక్కడే వెళ్లి వస్తాడా, తోటివాళ్లతో ఆడతాడా, ఇలాంటివి. పిల్లవాడి చేత వీటన్నిటినీ గదిలో చేయించరు. దగ్గరగా చూసినవాళ్లను అడిగి రాస్తారు. ఆ జవాబుల నుంచి ‘సామాజిక వయసు’ తేలుతుంది. దాన్ని అసలు వయసుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేది స్కోరు.

దీని మీద ఎంత ఆధారపడి ఉందో లెక్క వేసి చూడండి. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ స్కేలులో 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం వైకల్యం, 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతం అని లెక్కగట్టాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ముఖ్యమైన రాయితీలకు కనీసం 40 శాతం ఉండాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి 96 నెలలు. ఆ లెక్కన సామాజిక వయసు 60 నెలలని తేలితే స్కోరు 62 దాటుతుంది, రాయితీలకు అర్హత వస్తుంది. 68 నెలలని తేలితే స్కోరు 70 దాటుతుంది, రాదు. మధ్యలో తేడా ఎనిమిది నెలలే. ఆ వయసుకు స్కేలులో ఉన్న అంశాలు కొద్ది కాబట్టి ఒక్కో అంశం కొన్నేసి నెలల బరువు మోస్తుంది. నాలుగైదు ప్రశ్నలకు తొందరపడి రాసుకున్న జవాబులు ఒక పిల్లవాడి చదువును ఇటు నుంచి అటు తిప్పేయగలవు.

ఆ నాలుగైదు ప్రశ్నలు మన ఇళ్లలో ఎలా నడుస్తాయో చూడాలి. ఎనిమిదేళ్లొచ్చినా మనవడికి నానమ్మే అన్నం కలిపి ముద్దలు పెడుతూ ఉంటుంది. ‘తనంతట తాను తింటాడా?’ అంటే ‘లేదండీ, మేమే పెడతాం’ అని తల్లి ఉన్నమాటే చెబుతుంది. అడిగినవాళ్లు అక్కడ ‘చేయలేడు’ అని రాసుకుంటే తప్పు రాసుకున్నట్టే. చేతకాకపోవడం వేరు, చేసుకోనివ్వకపోవడం వేరు. అందుకని ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. ‘బడిలో మధ్యాహ్న భోజనం ఎలా తింటాడు? పెళ్లికి వెళితే బంతిలో ఎవరి పక్కన కూర్చుంటాడు?’ బడిలో అందరితో పాటు కలుపుకుని తింటాడని తెలిస్తే ఆ అంశం అతనికి వచ్చినట్టే.

దీనికి ఎదురు జవాబు కూడా అంతే తరచుగా వస్తుంది. బిడ్డను ఎవరూ ఏమీ అనకూడదని తల్లి ‘అన్నీ చేసుకుంటాడండీ’ అంటుంది. స్నానం తనే చేస్తాడా అంటే చేస్తాడంటుంది. నీళ్లు ఎవరు తోడతారు, సబ్బు ఎవరు రుద్దుతారు, వీపు ఎవరు తోముతారు, తల తుడిచేదెవరు, బొత్తాలు పెట్టేదెవరు అని ఒక్కో మెట్టూ అడుగుతూ వెళితే అయిదింట్లో నాలుగు ఆమే చేస్తున్నట్టు తేలుతుంది. ఆమె అబద్ధమాడలేదు. రోజూ పక్కనే నిలబడి చేయించే పనిలో తన వాటా ఎంతో ఎవరికైనా కనబడదు. వైకల్య సర్టిఫికెట్‌తో పింఛను ముడిపడి ఉంది కాబట్టి, దాన్నిచ్చే సదరం క్యాంపుల్లో తల్లిదండ్రులను అనుమానంగా చూసే అలవాటు ఒకటి పాతుకుపోయింది. అనుమానం వల్ల నిజం బయటికి రాదు. చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి అడిగితే వస్తుంది. దానికి తీరిక కావాలి. ఒకే రోజు పదుల కొద్దీ పిల్లలను చూడమని నిపుణులను కూర్చోబెట్టే ఏర్పాటులో ఆ తీరిక దొరకదు. ఈ మొత్తం పద్ధతిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోటు ఇదే.

ఇక ఎదుగుదల సంగతి. ‘ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు?’ అన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ‘టైముకే అండీ’. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడిదీ చిన్నవాడిదీ కలిసిపోతాయి. ఎనిమిదేళ్ల కిందటి నెల ఏదో చెప్పమంటే ఎవరైనా తడబడతారు. నెలలు అడగడం మానేసి వేడుకలు అడిగితే జ్ఞాపకం దానంతట అదే వస్తుంది. మనకు ఈ విషయంలో ఒక గొప్ప వీలుంది. పిల్లల ఎదుగుదలలో ఒక్కో మెట్టుకూ ఒక్కో వంటకం పంచే ఆచారం తెలుగు ఇళ్లలో ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులు వస్తే చిలకలు. నెల గుర్తులేని అమ్మమ్మకు అరిసెలు ఎప్పుడు వండిందో గుర్తుంటుంది.

‘అరిసెలు పంచారా అమ్మా?’

‘పంచకపోవడమేంటండీ. మా అన్నయ్యగారి గృహప్రవేశం అయ్యాకే పంచాం.’

‘గృహప్రవేశం ఎప్పుడైంది?’

‘మాఘమాసంలో. వీడికప్పటికి రెండో పుట్టినరోజు వచ్చి వెళ్లింది.’

రెండేళ్లు దాటాక నడక. ‘టైముకే’ అన్న మాట వెనక ఇంత ఉంది. ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం పిల్లలు ఆసరా లేకుండా నడిచే వయసు ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల వరకు ఉంటుంది. పట్టు లేకుండా కూర్చోవడం సుమారు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా. ఆ పరిశీలనలోనే నూటికి నలుగురికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. కాబట్టి ‘మావాడు పాకలేదండీ’ అన్నంత మాత్రాన కంగారుపడనక్కర్లేదు. ఒక్క మెట్టు కాదు, మెట్ల వరస చూడాలి. తల నిలపడం, కూర్చోవడం, నడక, మాట అన్నీ వెనకబడితే ఒక దారి, మిగతావన్నీ వేళకు వచ్చి మాట ఒక్కటే ఆగితే ఇంకో దారి.

అన్నప్రాసన వీడియో ఉంటే తప్పకుండా తీసుకెళ్లమని చెబుతాను. ఆరో నెలలోనో అటూఇటుగానో తీసి ఉంటారు. దేవుడి ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, అన్నం పెట్టి పిల్లవాడు ఏది పట్టుకుంటాడో చూస్తారు. బంధువులంతా చూసేది ఏది పట్టుకున్నాడని. పరీక్షించేవాళ్లు చూసేది వేరు. వెనక నుంచి ఎవరి చెయ్యి ఆసరాగా ఉంది? కుడిచెయ్యి, ఎడమచెయ్యి రెండూ చాచాడా, ఒకటే వాడాడా? ఎడంపక్క నుంచి మేనమామ పేరు పెట్టి పిలిస్తే తల తిప్పాడా? మొదటి పుట్టినరోజు వీడియో అంతకన్నా విలువైనది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో జూలీ ఆస్టర్లింగ్, జెరాల్డిన్ డాసన్ 1994లో ప్రచురించిన పరిశోధన కోసం సరిగ్గా ఆ వీడియోలే సేకరించారు. తర్వాత ఆటిజం అని తేలిన పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలను మామూలు పిల్లల వీడియోలతో పోల్చి చూశారు. ఆటిజం ఉన్న పిల్లలు ఎదుటివాళ్ల ముఖాల్లోకి చూడడం, పిలిస్తే తిరగడం, వేలితో చూపించడం ఆనాటికే తక్కువగా ఉన్నాయి. తల్లిదండ్రుల జ్ఞాపకానికి అందనిది కెమెరాలో మిగిలి ఉంది.

మాట గురించి అడిగేటప్పుడు ఒక ప్రశ్న ఎప్పుడూ వదలకూడదు. వచ్చిన మాటలు పోయాయా? ‘అత్త, తాత, పాలు అనేవాడండీ, ఏడాదిన్నరకు అన్నీ మానేశాడు’ అని కొందరు చెబుతారు. అడగకపోతే చెప్పరు, ఎందుకంటే అది తమ వల్లే జరిగిందేమోనన్న భయం ఉంటుంది. చెల్లెలు పుట్టిందనో, ఊరు మారామనో, టీవీ ఎక్కువ చూపించామనో తమకు తాము ఒక కారణం చెప్పుకుని ఉంటారు. ఆటిజం ఉన్న కొందరు పిల్లల్లో ఇలా వచ్చిన మాట వెనక్కి పోతుంది. ఫిట్స్ వంటి జబ్బుల్లోనూ పోవచ్చు. అందుకే దాన్ని వెంటనే డాక్టరు చూడాలి.

పుట్టుక వివరాలు ఎవరి దగ్గర ఉంటాయన్నది మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన విషయం. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మనకు ఆనవాయితీ. కాబట్టి తండ్రికి తెలిసేది ఫోన్లో విన్నంతే. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఇంకో జిల్లాలో అమ్మమ్మగారి బీరువాలో ఉంటుంది. తల్లికి మత్తులో కొంత తెలియదు, భయపడుతుందని కొంత ఆమెకు చెప్పి ఉండరు. అసలు సంగతి తెలిసింది ఆ రాత్రి వరండాలో కూర్చున్న అమ్మమ్మకు. వీలైతే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాలి, లేకపోతే ఫోన్లోనైనా మాట్లాడించాలి. ఆమె తన మాటల్లోనే చెబుతుంది: ‘ఉమ్మనీరు మింగాడన్నారు’, ‘ఏడవలేదు, వీపు మీద కొట్టారు’, ‘పది రోజులు బాక్సులో పెట్టారు’, ‘లైటు కింద పడుకోబెట్టారు’. రాసుకునేవాళ్లు ముందు ఆ మాటలనే ఉన్నవున్నట్టు రాసుకోవాలి, పక్కన వైద్య పరిభాష తర్వాత చేర్చుకోవచ్చు. నెలలు నిండాయా, బరువు రెండున్నర కిలోల కన్నా తగ్గిందా, మొదటి రోజుల్లో కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడా, పసిరికలు ఎంత ముదిరాయి అన్నవి కచ్చితంగా తేలాలి. అంగన్‌వాడీలో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు దొరికితే పుట్టిన బరువు, టీకాల తేదీలు అందులోనే ఉంటాయి.

కళ్లూ చెవుల పరీక్ష గురించి చెప్పాల్సింది తక్కువే. ఏ తెలివి పరీక్షకైనా ముందు ఆ రెండూ అయి తీరాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బళ్లకూ అంగన్‌వాడీలకూ వైద్య బృందాలు వస్తాయి, జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. ఆ బృందం ఇచ్చిన చీటీ ఉంటే అదీ ఫైలులో చేర్చాలి.

అన్నిటికన్నా కష్టంగా ఉండే ప్రశ్న మేనరికం. ‘మీది దగ్గరి సంబంధమా?’ అనగానే గదిలో గాలి మారుతుంది. మేనమామను చేసుకున్న తల్లి తల దించుకుంటుంది, అత్తగారు ‘మా వైపు ఎవరికీ ఇలా లేదు’ అంటుంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో ముందే చెబితే సగం బరువు తగ్గుతుంది. మేనరికం వల్ల పుట్టుకతో వచ్చే కొన్ని లోపాల అవకాశం పెరుగుతుందనేది నిజం. మామూలుగా నూటికి ముగ్గురి దగ్గర ఉండే ఆ అవకాశం మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లలో సుమారు రెట్టింపు అవుతుందని అంచనా. దాన్నే తిప్పి చెబితే అలాంటి దంపతులకు పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఆరోగ్యంగానే పుడతారు. ప్రశ్న అడిగేది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. జన్యు పరీక్ష అవసరమా, తర్వాతి కాన్పుకు ముందు ఏ డాక్టరును కలవాలి అన్నది తేల్చడానికి. ఈ రెండు వాక్యాలూ చెప్పకుండా ఆ ప్రశ్న అడగకూడదని నా గట్టి అభిప్రాయం.

తల్లితో కాసేపు ఒంటరిగా మాట్లాడడం కూడా అంతే ముఖ్యం. అత్తమామల ముందు, భర్త ముందు ఆమె చెప్పలేనివి ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు పడ్డ దెబ్బలు, ఇంట్లో తాగుడు, మొదటి మూడు నెలల్లో వేసుకున్న మందులు, బిడ్డను చూసుకోవడానికి తను తప్ప ఎవరూ లేకపోవడం. తండ్రితోనూ అలాగే విడిగా మాట్లాడాలి. చాలా ఇళ్లలో తండ్రి ‘నాకేం తెలుసండీ, వాళ్లమ్మనడగండి’ అని బయట బెంచీ మీద కూర్చుంటాడు. సాయంత్రం బండి మీద కూర్చోబెట్టుకుని తిప్పేది ఆయనే అయితే, ట్రాఫిక్ చప్పుడుకు పిల్లవాడు చెవులు మూసుకుంటాడని తెలిసింది ఆయనకే. పిల్లవాడి ఎదురుగా మాత్రం ఇవేవీ మాట్లాడకూడదు. మాట రాని పిల్లలకు మాట అర్థం కాదని అనుకోవడం పెద్ద పొరపాటు.

బడి నుంచి రావాల్సిన సమాచారంలో ఎక్కువగా దొరికేది విశేషణాలు. ‘మొద్దు’, ‘బద్ధకం’, ‘ధ్యాస లేదు’, ‘మంచివాడే గానీ చదువు రాదు’. వీటితో ఎవరికీ ఏమీ తెలియదు. టీచరును అడగాల్సింది తను కళ్లతో చూసినది: బోర్డు మీద ఉన్న వాక్యంలో ఎన్ని మాటలు రాసి ఆగిపోతున్నాడు? నోటితో అడిగితే చెప్పిన జవాబు రాయమంటే ఎందుకు రాయడు? ఎన్ని నిమిషాలు కూర్చుంటాడు, ఏ పీరియడ్‌లో లేస్తాడు? ఇంటర్వెల్లో ఎవరితో ఉంటాడు? ఇలా అడిగితే చాలామంది టీచర్లు ఎంత నిశితంగా గమనించారో చూసి ఆశ్చర్యపోతాం. వాళ్లను ఎవరూ ఇలా అడగరు, అంతే.

రాత పుస్తకాలు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షులు. ‘అమ్మ’ను ‘అమ’ అనీ, ‘చెట్టు’ను ‘చెటు’ అనీ ఒత్తులు వదిలేస్తూ రాస్తున్నాడా? ‘కి’కీ ‘కీ’కీ తేడా పోతోందా? ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాశాడా? రెండో తరగతి పుస్తకంలో ఉన్న తప్పే నాలుగో తరగతి పుస్తకంలోనూ ఉందా? మొదటి రెండు తరగతుల్లో అందరూ చేసే తప్పులు నాలుగో తరగతికి కూడా తగ్గకపోతే చదువులో వైకల్యం ఉందేమోనని ఆలోచించాలి. 2018 మార్గదర్శకాలు ఈ రకం వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇవ్వమన్నది అందుకే. ప్రతి వేసవిలోనూ పాత పుస్తకాలను తూకానికి వేసేస్తాం. అనుమానం ఉన్న పిల్లవాడివి తరగతికి ఒక్కటైనా దాచిపెట్టండి.

ఆ పుస్తకాలతో పాటు హాజరు పట్టీ చూడాలి. చదువు రాలేదా, చదువు అందలేదా అన్నది అక్కడ తేలుతుంది. కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఏటా కొన్ని నెలలు బడిలో ఉండరు. మూడో తరగతిలో ఉన్నట్టుండి తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మార్చిన పిల్లలున్నారు. 2020 మార్చిలో మూతపడ్డ బళ్లు చిన్న తరగతుల వాళ్లకు ఏడాదికి పైగా సరిగా నడవలేదు. ఒకటో తరగతి ఫోన్ తెర మీద చదివిన పిల్లలు ఇప్పుడు పెద్ద తరగతుల్లో ఉన్నారు. గుణింతం నేర్పాల్సిన ఏడాది ఎవరూ నేర్పలేదన్న నిజం రాసుకోకుండా ‘డిస్లెక్సియా’ అని రాయడం ఆ పిల్లలకు అన్యాయం. అలాగని వలసనో కరోనానో చూపించి నిజంగా వైకల్యం ఉన్న పిల్లవాణ్ని ‘నెమ్మదిగా నేర్చుకుంటాడులే’ అని పంపేయడమూ అన్యాయమే. అదే పరిస్థితిలో పెరిగిన అన్ననో, అదే బెంచీలో కూర్చున్న పక్కింటి పిల్లనో పోల్చి చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది.

భాష గురించిన ప్రశ్నను ‘మాతృభాష: తెలుగు’ అని ఒక గడిలో నింపి వదిలేస్తుంటారు. అది చాలదు. అమ్మ ఏ భాషలో జోకొడుతుంది, నాన్న ఏ భాషలో కోప్పడతాడు, అన్నతో పోట్లాడేటప్పుడు వాడి నోట ఏ భాష వస్తుంది అని అడగాలి. కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల్లో ఉన్నారు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ భాషా ప్రశ్న మరీ కీలకం. అక్కడి ప్రత్యేక విద్యా చట్టం మొదటి రూపం 1975లో వచ్చింది, ఇప్పుడు ఐడియా అని పిలుస్తారు. తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటేనే తొలి పరీక్ష మొదలవుతుంది. రాష్ట్రం వేరే గడువు పెట్టుకోకపోతే 60 రోజుల్లో అది పూర్తి కావాలి. ఒకే పరీక్షను ఆధారం చేసుకుని నిర్ణయించకూడదు, తల్లిదండ్రులిచ్చిన సమాచారాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వీలైనంతవరకు పిల్లల భాషలోనే పరీక్షించాలి. ఇంగ్లిష్ రాకపోవడమో, సరైన బోధన అందకపోవడమో అసలు కారణమైతే దాన్ని వైకల్యం అనకూడదు. ఈ నియమాలు ఊరికే రాలేదు. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే మెక్సికన్ సంతతి పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలివి పరీక్ష పెట్టి బుద్ధిమాంద్యుల తరగతుల్లో వేశారు. వాళ్ల తరఫున 1970లో నడిచిన డయానా కేసుతో అక్కడి ప్రభుత్వం పిల్లలను వాళ్ల భాషలోనూ పరీక్షించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లు ఆ ఫారాల్లో చాలాసార్లు ‘ఇంట్లో మాట్లాడే భాష: ఇంగ్లిష్’ అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే పిల్లవాణ్ని వేరే తరగతిలో వేస్తారని భయం. దానివల్ల పరీక్షించేవాళ్లకు అసలు బొమ్మ కనబడకుండా పోతుంది. ఆరు నెలలు అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటే అప్పుడు ఇల్లంతా తెలుగే. కొందరు పిల్లలు రెండో ఏట నుంచి నాలుగో ఏట దాకా విజయవాడలోనో వరంగల్‌లోనో తాతల దగ్గర పెరిగి, ప్రీస్కూలు వయసుకు అక్కడికి వెళతారు. ఈ ప్రయాణాల తేదీలన్నీ రాయాలి. ‘ఇంట్లో తెలుగు మానేస్తే మాట వస్తుంది’ అని ఎవరో చెబితే మానేసినవాళ్లూ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలోపం రాదు. నిజంగా లోపం ఉన్న పిల్లవాడిలో అది రెండు భాషల్లోనూ కనబడుతుంది, కాబట్టి తెలుగులో వాడు ఎలా మాట్లాడతాడో చెప్పడం రోగ నిర్ణయానికి పనికొచ్చే సాక్ష్యం. పొడి మాటలే అంటాడా, ‘అమ్మా నాకు ఆకలేస్తోంది’ అనగలడా, తాతయ్య చెప్పిన కథ మళ్లీ చెప్పగలడా అన్నది తెలుగులో జరిగినవి జరిగినట్టు రాసి, కింద ఇంగ్లిష్‌లో అర్థం రాసి ఇవ్వండి. దుబాసీని అడగడం మీ హక్కు. ఇంగ్లిష్ బాగా వచ్చిన తల్లిదండ్రులు కూడా బిడ్డ గురించి దుఃఖంగా ఉన్నప్పుడు తెలుగులో చెప్పుకోవడమే మేలు.

ఎక్కడైనా ఈ వివరాల్లో తప్పనిసరిగా ఉండాల్సిన ఒక పేజీని చాలామంది మరిచిపోతారు. పిల్లవాడికి ఏం వచ్చు? ఎప్పుడు సంతోషంగా ఉంటాడు? ఆర్టీసీ బస్సు రూట్లన్నీ చెప్పే పిల్లవాడు, ఆవును చూస్తే దగ్గరికి వెళ్లి నిమిరే పాప, పాట వినిపిస్తే గంటసేపు కదలని పిల్ల. ఇది ఓదార్పు కోసం రాసేది కాదు. ప్రత్యేక టీచరు పాఠం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. బస్సు నంబర్లతో కూడికలు నేర్పవచ్చు, బస్సు బోర్డుల మీది ఊళ్ల పేర్లతో చదవడం నేర్పవచ్చు.

అంతా రాశాక తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించాలి. వాళ్లు దిద్దుతారు. ‘ఫిట్స్ ఒకసారి కాదండీ, రెండుసార్లు, రెండోసారి జ్వరం లేదు’ అన్న మాట చదివి వినిపించాకే గుర్తొస్తుంది, ఆ ఒక్క మాటతో పిల్లవాణ్ని నరాల డాక్టరుకు పంపాల్సి రావచ్చు. ఏది ఎవరు చెప్పారో పక్కన రాయాలి: తల్లి చెప్పింది, అమ్మమ్మ చెప్పింది, కాగితంలో ఉంది, నేను చూశాను. రెండు జవాబులు పొసగకపోతే ఒకదాన్ని కొట్టేయకుండా రెండూ ఉంచాలి. తేదీ వేసి ఒక ప్రతి ఇంటికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. చదువులో వైకల్యానికి ఇచ్చిన సర్టిఫికెట్‌ను 14 ఏళ్లకు మళ్లీ, 18కి మళ్లీ చూడాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. అప్పటికి ఊరు మారి ఉండవచ్చు, డాక్టరు మారి ఉండవచ్చు, అమ్మమ్మ ఉండకపోవచ్చు. ఆ ప్రతి దగ్గరుంటే కొత్తవాళ్లు పాత ప్రశ్నలన్నీ మొదటి నుంచి అడగనక్కర్లేదు, మధ్యలో జరిగినవి మాత్రం కొత్త తేదీ వేసి కింద చేరుస్తారు.